కాళ్ళకు తెలియని వేడి

“వేడి అంటే ఏ మాత్రం వేడి? అందరికీ అర్థమయ్యేలా చెప్పండి కామేశ్ గారూ,” అన్నాడు శ్యాంసుందర్.

టెక్కలిలో కరుణాతీరం సేవా సంఘం వారి రేకుల హాల్లో ఆ సోమవారం పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు. పద్నాలుగు మందికీ కాళ్ళు స్వాధీనంలో లేవు. నాలుగు నెలల కిందట ఆ సంఘం వాళ్ళందరికీ మూడు చక్రాల మోటారు సైకిళ్ళు ఇచ్చింది. ముందు ఒక చక్రం, వెనక రెండు చక్రాల మీద సామాన్ల పెట్టె, మధ్యలో సీటు. గేరు, క్లచ్చు, బ్రేకు అన్నీ చేతులకే అందుతాయి. ఇంజనుకు చెరో పక్కా ఉన్న ఇనప పలకల మీద కాళ్ళు ఊరికే పెట్టుకుంటే చాలు. శ్యాంసుందర్ ఆ సంఘానికి మేనేజరు. మెత్తని మనిషి, ఎవర్నీ ఏకవచనంలో పిలవడు.

కామేశ్ చంకకర్ర గోడకి ఆన్చి, ప్యాంటు మోకాలి దాకా మడిచాడు. పోలియోతో సన్నబడిన పిక్క మీద ఎర్రని చార ఒకటి మెరుస్తోంది.

“నౌపడ ఉప్పు మళ్ళ కాడ టీ అమ్ముతాను సారూ. గట్ల మీద ఫస్టు గేర్లోనే పోవాల. గాలి తగల్దు. పది నిమిషాలకి ఈ పలక పెనవైపోతంది. గోనెసంచి తడిపి ఏసుకుంతన్నాను. అదారిపోతే ఇంక దిగిపోడమే.”

వెనక వరసలో ముగ్గురు నలుగురు “నిజిమే, నిజిమే” అన్నారు. శ్యాంసుందర్ తల పంకిస్తూ విన్నాడు. తర్వాత అతని చూపు కిటికీ పక్కన కూర్చున్న నూకరత్నం మీద ఆగింది.

“నూకరత్నం గారూ, అందరికన్నా ఎక్కువ తిరిగేది మీరేనట కదా?”

“మా పేట నుంచి సేపలేసుకుని మందస ఎల్తాను సారూ. మిగిల్తే పలాస. రానూ పోనూ అరవై కిలోమీటర్లుంతాది.”

“మరి మీకు వేడి తగిలిందా?”

హాలంతా తనవైపు తిరగడం ఆమెకు తెలిసింది. ఆటో బోల్తా పడి నడుం పోయినప్పటి నుంచి మనుషులు ఆమె వైపు తిరిగితే ‘పాపం’ అనడానికే తిరిగేవారు. ఇప్పుడు ఆమె ఏం చెబుతుందో వినడానికి తిరిగారు.

“నేదు సారూ. నాకేటీ తగల్నేదు. బండి బంగారంలాగుంది,” అంది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. “కామేశన్నయ్య ఉప్పు మళ్ళ ఎండని కూడా బండి మీదే తోసేత్తన్నాడేటో.”

అందరూ నవ్వారు. శ్యాంసుందర్ కూడా నవ్వి, జేబులోంచి ఫోన్ తీశాడు. “ఆ మొదటి మాట మళ్ళీ ఒక్కసారి చెప్పండమ్మా, ఇటు చూసి.” నూకరత్నం పైట సర్దుకుని, ఫోన్ వైపు చూసి, మళ్ళీ చెప్పింది. కామేశ్ ప్యాంటు కిందికి దించుకున్నాడు.

మీటింగు అయ్యాక గేటు దగ్గర ఇద్దరి బళ్ళూ పక్కపక్కనే వచ్చాయి.

“నీకు తెల్దు. తెల్దనాల,” అన్నాడు కామేశ్, ఆమె వైపు చూడకుండా. “నేదని ఎందుకన్నావు?”

రెండింటికీ తేడా ఏమిటో నూకరత్నానికి అప్పుడు తట్టలేదు. ఉడుక్కున్నాడనుకుంది.

పేటకు చేరేసరికి పొద్దు కొబ్బరి మొవ్వుల్లోకి దిగింది. బండి చప్పుడు వింటూనే అత్త జోగమ్మ బకెట్టుతో నీళ్ళు తెచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఒకప్పుడు నెత్తిమీద గంపతో మందస దాకా నడిచి చేపలు అమ్మిన మెడ ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది. కొడుకు ఢిల్లీరావు గుజరాత్ బోట్ల మీదకి వేటకి వెళితే ఇంట్లో మిగిలేది అత్తాకోడళ్ళే. ముందు పెట్టెలో చేపల నీరు కడగడం, తర్వాత కోడల్ని దించి చెక్క బల్ల మీద కూర్చోబెట్టి, చెప్పులు విప్పకుండానే కాళ్ళ మీద నీళ్ళు పోయడం రోజూ ఉండే పనే. తన కాళ్ళు తాను కడుక్కోవాలని వంగితే నూకరత్నం ముందుకు పడిపోతుంది.

జోగమ్మ చెంబు ఎత్తినదల్లా ఆగింది.

“ఏటే ఈ కంపు?”

“కానాగంతల నీరు కారినట్టుంది.”

“సేప కంపు నాకు తెల్దేటి. ఇది సేప కంపు కాదు.”

వంగి కోడలి కుడికాలి చెప్పు పట్టి లాగింది. అది రాలేదు. రెండోసారి కాస్త గట్టిగా లాగింది. చెప్పుతో పాటు తోలు వచ్చింది.

చెప్పును పక్కన పెట్టి, చెయ్యి కోకకి తుడుచుకుంది. “రత్నం, ఇటు సూడకు,” అంది.

నూకరత్నం చూసింది. చిటికెన వేలు దగ్గర్నుంచి మడమ దాకా పాదం బయటి అంచంతా ఉడికిన చేప పొట్టలా తెల్లగా ఉంది. మధ్యలో పసుపు రంగు గుంట. చెప్పు అడుగు రబ్బరు కరిగి, దాని మీద ఇనప పలక చుక్కలు అచ్చు పడి ఉన్నాయి. అది ఎవరిదో కాలు అన్నట్టుంది. నొప్పి వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. నడుం కింద ఏ నొప్పీ రాదని తెలుసు. అయినా కాసేపు అలాగే ఎదురుచూసింది.

మర్నాడు ఆస్పత్రిలో నర్సు కత్తెరతో చచ్చిన తోలు కత్తిరిస్తూ అడిగింది.

“ఎప్పుడు కాలింది?”

“తెల్దమ్మా.”

“ఒకేసారి కాలిందా, రోజూ కొంచెం కొంచెంగానా?”

“తెల్దు.”

“ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?”

“బండి తోల్తన్నాను.”

నర్సు తలెత్తి ఆమె ముఖంలోకి చూసి, మళ్ళీ కత్తెర ఆడించింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే వేళ్ళు తీసెయ్యాల్సి వచ్చేదని, పుండు మానేదాకా ఆ పలక మీద కాలు పెట్టొద్దని డాక్టరు చెప్పాడు.

తిరిగి వచ్చే ఆటోలో ఫోన్ మోగింది. సంఘం వాట్సాప్ గ్రూపులో వీడియో ఒకటి వచ్చింది. ‘ఇంజను వేడిపై అపోహలకు లబ్ధిదారు సమాధానం’ అని పైన రాసి ఉంది. నూకరత్నం తన ముఖం తాను చూసుకుంది. పైట సర్దుకున్న తీరు, గడ్డం ఎత్తిన తీరు. ‘నేదు సారూ, నాకేటీ తగల్నేదు.’ కింద ఎవరెవరో చప్పట్లు కొట్టే బొమ్మలు పెట్టారు. కామేశ్ దగ్గర్నుంచి ఏమీ లేదు.

పక్కన కూర్చున్న జోగమ్మ వీడియో మాట విని, “ఎవుల్దే ఆ గొంతు?” అని అడిగింది.

“నాదే.”

ఇంటికి వచ్చాక కామేశ్‌కి ఫోన్ చేసింది. అతను ఎత్తాడు. వెనక ఉప్పు మళ్ళలో నీళ్ళు తోడే మోటారు చప్పుడు వినబడుతోంది.

“అన్నయ్యా, నిన్న నాను సెప్పింది తప్పు. నువ్వన్నట్టే, నాకు తెల్దు. నా కాలు కాలిపోయింది. అదీ తెల్నేదు.”

మోటారు చప్పుడు దూరమైంది.

“ఎంత మేర కాలింది?” అన్నాడతను.

“చిటికిన ఏలు కాణ్ణుంచి మడమ దాకా.”

“కాశీబుగ్గ ఈశ్వర్ సెడ్డుకి రా రేపు. నానూ వత్తాను. పుండు మానినాక మల్లీ ఆ పలక మీదే కదా కాలెట్టాల.”

బుధవారం పొద్దున్నే నూకరత్నం కుడికాలిని ఎత్తి, హ్యాండిలు కింద ఉన్న రాడ్డుకు తువ్వాలుతో కట్టుకుంది. పలకకి జానెడు ఎత్తున కట్టు కట్టిన పాదం వేలాడుతోంది. “ఒద్దే” అని నాలుగుసార్లు అన్న జోగమ్మ, కోడలు వినకపోయేసరికి, వెనక చేపల పెట్టెలో గోనెపట్టా పరుచుకుని తానూ ఎక్కి కూర్చుంది. జీడితోటల మధ్య రోడ్డంతా అలాగే వచ్చారు. దారిలో జనం పెట్టెలో కూర్చున్న ముసలమ్మని చూసి నవ్వుకున్నారు గాని, కట్టేసిన కాలిని ఎవరూ గమనించలేదు.

ఈశ్వర్ షెడ్డు హైవే పక్కన ఉంటుంది. జీడిపిక్కల బస్తాలు మోసే ఆటోలకు వెల్డింగులు చేస్తాడు. ముప్పై ఏళ్ళుంటాయి. నూకరత్నాన్ని ‘అప్పా’ అంటాడు, అక్కా అని. బండి కింద వెల్లకిలా దూరి టార్చి వేసి చూశాడు.

“పొగ గొట్టం ఈ కుడి పలకకి అంగుళం దూరంలో ఉందప్పా. పలక ఇనుము. తాగిన వేడంతా కాలికే ఇత్తంది. ఎవుడు బిగించినాడో గాని, ఎప్పుడూ దీనిమీద కూకోనేదు.”

“ఏటి సెయ్యాల?”

“రబ్బరు మేటేసి సూద్దుం.”

మందపాటి రబ్బరు పట్టా కత్తిరించి పలక మీద పరిచాడు. వేడి తగ్గిందో లేదో ఎలా తెలుసుకోవడమన్నది వచ్చింది. ఈశ్వర్ చెయ్యి పెట్టి చూస్తానన్నాడు.

“నీ సెయ్యి కాయలు కాసిపోయింది. దాన్ని నమ్మను,” అంది నూకరత్నం. “నా కాలినైతే అసలే నమ్మను. కొవ్వొత్తి తే.”

కొవ్వొత్తిని మూడు ముక్కలు చేసి ఒకటి మేటు మీద పెట్టారు. కామేశ్ ఆ బండెక్కి, కాళ్ళు రెండూ ఎడమ వైపుకి వేసుకుని, ఫస్టు గేరులో రైలు గేటు దాకా వెళ్ళొచ్చాడు. వచ్చేసరికి మేటు మెత్తబడి కంపు కొడుతోంది. కొవ్వొత్తి వంగి మేటుకు అంటుకుపోయింది. తర్వాత గొట్టానికి వేడిని ఆపే తాడు చుట్టి చూశారు. రెండో ముక్క కరగలేదు గాని, వేలితో నొక్కితే గుంట పడింది.

“నాలుగ్గంటలు తోల్తే ఇదీ కరుగుతాది,” అన్నాడు ఈశ్వర్, చేతులు కడుక్కుంటూ. “ఇంతకన్నా నావల్ల కాదప్పా.”

పొద్దున్నుంచి పెట్టెలోంచి దిగకుండా చూస్తున్న జోగమ్మ అప్పుడు నోరు విప్పింది.

“ఏటిరా అందాకట్నుంచి దానికి దుప్పట్లు కప్పుతన్నారు? వేడి గొట్టానికి సలేసిందేటి?” అంది. “ఎండుసేపలు ఇసక మీదేత్తే ఉడికిపోతాయి. పందిరి కట్టి పైనేత్తాం. కిందన గాలాడాల.”

ఈశ్వర్ చేతులు తుడుచుకోవడం ఆపాడు.

మూల పడి ఉన్న పాత మందుల షాపు బోర్డు లాగి, దాని అల్యూమినియం రేకు కాలి కొలతకి కత్తిరించాడు. నీళ్ళ పైపుని అంగుళం అంగుళం ముక్కలు కోసి, ఇనప పలకకీ రేకుకీ మధ్య వాటిని నిలబెట్టి, ఎనిమిది బోల్టులు బిగించాడు. ముందంచుని కాస్త పైకి వంచాడు, ఎదురు గాలి ఆ సందులోకి దూరేలా. పలక కింద గొట్టానికి అడ్డంగా ఇంకో సన్న రేకు వేలాడదీశాడు. మూడో ముక్క పెట్టారు. కామేశ్ ఈసారి రైలు గేటు దాటి, మార్కెట్ రద్దీలో ఇరుక్కుని, ముప్పావు గంటకి వచ్చాడు. కొవ్వొత్తి పెట్టినట్టే ఉంది. ఈశ్వర్ వేలితో నొక్కాడు. గోటి గీత మాత్రం పడింది.

కామేశ్ చెప్పు విడిచి, సన్నని పాదాన్ని చేత్తో ఎత్తి ఆ రేకు మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నూకరత్నం అతని ముఖాన్నే చూస్తోంది.

“ఎలాగుంది అన్నయ్యా?”

“పొద్దుపొడుపు యేల ఇసక మీద నిలబడినట్టుంది,” అన్నాడు.

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఇసక ఆమె కాలికి తెలిసి ఆరేళ్ళయింది.

“మిగతా పదమూడు బళ్ళకీ ఏసీయొచ్చేటి తమ్ముడా?”

“ఏసీయొచ్చు. పాత బోర్డులకేటి కరువు?”

గురువారం నూకరత్నం, కామేశ్ టెక్కలి వెళ్ళారు. శ్యాంసుందర్ ఆఫీసులోంచి ఎండలోకి వచ్చాడు, తెల్ల ప్యాంటు మాసిపోతుందని చూడకుండా మోకాలి మీద కూర్చున్నాడు, రేకు కింద వేలు దూర్చి చూశాడు. “చాలా బాగా ఆలోచించారు,” అన్నాడు. రేకుకి ఫోటో తీశాడు. కట్టు విప్పించి కాలికి కూడా తీశాడు. దాన్ని చూసినప్పుడు అతని ముఖం నిజంగానే ముడుచుకుంది.

“ఇంత జరిగితే ఆ రోజు ఎందుకు చెప్పలేదమ్మా?”

“తెల్నేదు సారూ. నడుం కింద నాకేటీ తెల్దు.”

“అసలేమీ తెలియదా? గుచ్చినా?”

“గుచ్చినా, కోసినా.”

శ్యాంసుందర్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

“ఆ వీడియో తీసీండి సారూ. అది అబద్ధవైపోయింది.”

“తప్పకుండా. ఈ రోజే తీయించేస్తాను,” అన్నాడు. “శనివారం పద్నాలుగు బళ్ళనీ రమ్మందాం. దీనికో పరిష్కారం చేసేద్దాం.”

తిరుగు దారిలో నూకరత్నం బండిని కాస్త జోరుగానే తోలింది. ఈశ్వర్ ఆ రాత్రీ మర్నాడూ కూర్చుని పదమూడు రేకులు కోశాడు.

శనివారం హాలు ముందు ‘భద్రతా శిబిరం’ అని బ్యానరు కట్టి ఉంది. లోపల బల్ల మీద అట్టపెట్టెలు పేర్చారు. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒకామె బల్ల పక్కన కాగితాలు సర్దుతోంది. ఆమె పేరు ప్రమోదిని అని, ఫిజియోథెరపీ చదివిందని, శ్రీకాకుళం నుంచి పిలిపించామని శ్యాంసుందర్ పరిచయం చేశాడు. ఈశ్వర్ కొబ్బరి తాడుతో కట్టిన రేకుల మోపు పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాడు. లోపల వెల్డింగు పనులు వద్దన్నారని వాచ్‌మన్ ఆపేశాడు.

“మీ కష్టం మా దృష్టికి వచ్చింది,” అని మొదలుపెట్టాడు శ్యాంసుందర్. “కంపెనీతో మాట్లాడాం. బండికి ఏ మార్పు చేసినా గ్యారంటీ పోతుందన్నారు. రేపు ఏదైనా జరిగితే బాధ్యత సంఘం మీద పడుతుంది. అందుకని బళ్ళకు మార్పులేవీ వద్దు. కాళ్ళలో స్పర్శ ఉన్నవారికి వేడి తగలని బూట్లు ఉచితంగా ఇస్తున్నాం. స్పర్శ లేనివారికి ఈ బండి ప్రమాదం. నూకరత్నం గారి కాలు చూశాక నాకు నిద్ర పట్టలేదు. అలాంటివారి బళ్ళు వెనక్కి తీసుకోవాలని నిర్ణయించాం. మనిషి కన్నా బండి ఎక్కువ కాదు.”

నూకరత్నానికి ఆ మాటలు ఒకదాని తర్వాత ఒకటి అర్థమవుతూ వచ్చాయి. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి మొదటి పేరుగా తన పేరే పిలిచారు.

ప్రమోదిని ఆమె ఎడమకాలి బొటనవేలి మీద సూదిమొన ఆన్చింది. “తెలుస్తోందా అమ్మా?”

“నేదు.”

పిక్క మీద. “ఇక్కడ?”

“నేదు.”

శ్యాంసుందర్ కాగితం ముందు పెట్టాడు. అందులో ఒక వాక్యం కింద గీత గీసి ఉంది. ‘వాహనపు వేడి తనకు తెలియదని లబ్ధిదారు స్వయంగా తెలియజేసినందున.’

“సారూ, పలకేసినాం కదా,” అంది నూకరత్నం. “మీరే సెయ్యెట్టి సూసినారు. ఇప్పుడు వేడి నేదు.”

“వేడి లేదని పోయినసారి కూడా మీరే అన్నారమ్మా,” అన్నాడు శ్యాంసుందర్. ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. జాలిగానే అన్నాడు.

నూకరత్నం పెన్ను అందుకుంది. సంతకం పెట్టింది. పెన్ను తిరిగి ఇస్తుంటే, “బండి ఇచ్చినట్టే అప్పగించాలి. ఆ రేకు తీయించెయ్యండి,” అన్నాడు. ఈశ్వర్‌ని అందుకు మాత్రం లోపలికి రానిచ్చారు. కిటికీలోంచి స్పానరు చప్పుడు వినిపించింది. ఎనిమిది బోల్టులు. ఒక్కొక్కటీ ఎప్పుడు ఊడిందో ఆమెకు తెలిసింది. వేటకి వెళ్ళిన పడవలు రేపు తెల్లారి వస్తాయి. ఒడ్డున వేలం పాటలో తన గొంతు ఉండదు. చేపల్ని మందసకి తోలే మనిషి ఇంకెవరో ఉంటారు.

కామేశ్‌కి ప్యాంటు మడిచి చూడకుండానే ‘స్పర్శ ఉంది’ అని రాసి అట్టపెట్టె ఇచ్చారు. అందులో నల్లని బూట్లు. సన్నబడి వంగిన పాదానికి ఆ బూటు ఎలా తొడగాలో అతను అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

ఎవరైనా వచ్చి ఎత్తుకుపోయేదాకా నూకరత్నం ఆ బెంచీ మీద ఉండాల్సిందే. ఆమె పక్కనే యువరాజుని తెచ్చి కూర్చోబెట్టారు. కంచిలి మండలం వాడు. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపేవాడు. రెండేళ్ళ కిందట చెట్టు మీద నుంచి పడ్డాడు. ఇప్పుడు ఆ కాయల్నే బండి మీద వేసుకుని ఊరూరా దుకాణాలకు వేస్తున్నాడు. పద్నాలుగు మందిలో నడుం కింద ఏమీ తెలియనిది తమిద్దరికే అని బళ్ళిచ్చిన రోజే ఇద్దరూ చెప్పుకున్నారు. యువరాజు సంగతి ఇక్కడ మరెవరికీ తెలియదు.

అతని ముఖం మామూలుగానే ఉంది. ఒళ్ళో పెట్టుకున్న వేళ్ళు మాత్రం కదులుతున్నాయి.

“కళ్ళు మూసుకోండి,” అంది ప్రమోదిని. “సూది తగిలినప్పుడు చెప్పండి. ఏ కాలో కూడా చెప్పాలి.”

యువరాజు కళ్ళు మూసుకున్నాడు. సూది కుడి బొటనవేలికి ఆనింది.

“తెలుస్తోందా?”

ఒళ్ళో అతని వేళ్ళు ఆగాయి.

నూకరత్నం చెయ్యి బెంచీ వీపు మీద ఉంది. దాన్ని ఎప్పుడు జరిపిందో ఆమెకే తెలియదు. రెండు వేళ్ళతో అతని వీపు మీద, కుడి భుజం కింద నొక్కింది.

యువరాజు ఉలిక్కిపడబోయి ఆగాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

“తెలస్తంది,” అన్నాడు. “కుడి.”

సూది ఎడమ పాదం మీదకి వెళ్ళింది. వేళ్ళు ఎడమ భుజం కిందకి వెళ్ళాయి.

“ఎడం.”

మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. ఒకసారి ప్రమోదిని సూదిని గాల్లోనే ఉంచి, “ఇప్పుడు?” అని అడిగింది. వేళ్ళు కదలలేదు.

“ఇప్పుడేటీ నేదమ్మా.”

“బావుంది. కళ్ళు తెరవండి,” అంది ప్రమోదిని. కాగితం మీద ‘ఉంది’ అని రాసి, అట్టపెట్టె ఒకటి అందించింది. అటువైపు బూటు తిప్పుకుంటున్న కామేశ్ నూకరత్నం చేతి వైపు చూశాడు. చూసి, తల దించుకుని మళ్ళీ బూటు లేసులు లాగడం మొదలుపెట్టాడు.

ఈశ్వర్ నూకరత్నాన్ని ఎత్తుకొచ్చి బయట, మలుపు తిరిగాక ఉన్న టీ బడ్డీ బెంచీ మీద దించి, రేకుల మోపు విప్పుకుని కూర్చున్నాడు. వరసగా వెళుతున్న బళ్ళని ఒక్కొక్కటీ ఆపి అడిగాడు. ఒద్దన్నారు. మార్పు చేసిన సంగతి తెలిస్తే బండి లాక్కుంటారేమోనని అందరికీ భయం. కామేశ్ ఒక్కడు వేయించుకున్నాడు. యువరాజు బండికి తన బండి నుంచి ఊడదీసిన రేకునే బిగించమంది నూకరత్నం. మిగిలిన రేకులు మళ్ళీ మోపు కట్టాడు ఈశ్వర్.

“నువ్వెలాగెల్తావప్పా?” అన్నాడు యువరాజు.

“ఆటో దొరుకుతాది.”

“మందస రోడ్డు దాకా నాను దిగబెడతాను. పెట్టి కాళీగానే ఉంది.”

ఈశ్వర్, టీ బడ్డీ అతను కలిసి ఆమెను ఎత్తి కొబ్బరి పీచు పడి ఉన్న ఆ పెట్టెలో కూర్చోబెట్టారు. హైవే మీద లారీల పక్కనుంచి బండి సాగింది. ఎండ నడినెత్తికి వచ్చింది. పలాస దాటి కొంత దూరం వెళ్ళాక నూకరత్నం అతని వీపు మీద తట్టింది.

“ఆపు.”

యువరాజు రోడ్డు పక్కన జీడిచెట్టు నీడలో ఆపాడు.

“కుడికాలు ఎత్తి, అరికాలికి సెయ్యెట్టి సూడు.”

అతను రెండు చేతులతో కాలిని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. అరికాలు తడిమాడు. “గోరెచ్చగుంది.”

“గోరెచ్చనైతే పరవానేదు. అంతకన్నా వేడెక్కితే నీళ్ళొంపుకుని, సల్లారినాక ఎల్లు. ఇంటికెల్లినాక దీపం కాడ కూకుని రెండు కాళ్ళూ తిప్పి తిప్పి సూడాల. ఏళ్ళ సందుల్లో కూడా.”

“అలాగే.”

“నీకేదో మేలు సేసినానని అనుకోకు. నాకు తెల్దు అది మేలో కీడో.”

యువరాజు కాలిని మళ్ళీ రేకు మీద పెట్టుకున్నాడు. హ్యాండిలు పట్టుకున్నాడు.

“ఎప్పుడైనా మరిసిపోతేనో అప్పా?”

నూకరత్నం తన కుడికాలిని రెండు చేతులతో ఎత్తి, పెట్టె అంచు మీద అతనికి కనబడేలా పెట్టింది. పొద్దున్న కట్టిన కట్టు అడుగున పసుపుపచ్చగా తడిసి ఉంది. యువరాజు వెనక్కి తిరిగి దాన్ని చూశాడు. చాలాసేపే చూశాడు.

“ఇంక పోనీ,” అంది.